ఆరు వందల నాలుగు మీటర్లు

టెక్కలి,
12 మార్చి 1996

ప్రియమైన జనార్దనం,

బాగున్నావా? ఆండాళ్ చెల్లెమ్మ కాలినొప్పి తగ్గిందా? మీ అరుణ్‌కి తెలుగు చదవడం ఇప్పటికైనా వచ్చిందా, లేక నా ఉత్తరాలు నువ్వే చదివి వాడికి హిందీలో చెబుతున్నావా?

ముందు నిన్ను నాలుగు తిట్టాలి. కిందటి కవరు మీద మళ్ళీ "2-18-40 లక్ష్మీపతి గారికి" అని రాశావు. మా పోస్ట్‌మాన్ అదేదో ఇంటి నంబరనుకుని రెండో వార్డంతా తిరిగి, సాయంత్రం చెమటలు కక్కుకుంటూ నా దగ్గరకొచ్చి "ఏటి మేస్టారూ, ఇల్లు మార్సినారా?" అని అడిగాడు. ఆ అంకె రాయొద్దని పదహారేళ్ళుగా మొత్తుకుంటున్నాను. 1979 డిసెంబరులో ఢిల్లీ కంటోన్మెంట్ మారథాన్‌లో పరిగెత్తాను. రెండు గంటల పద్దెనిమిది నిమిషాల నలభై సెకన్లు పట్టింది. నువ్వు సర్వేయరువి కాబట్టి ఆ రోడ్డు కొలిచావు, నేను హవల్దారుని కాబట్టి పరిగెత్తమంటే పరిగెత్తాను. అంతటితో అయిపోయింది. దాన్ని నా ఇంటిపేరు చేసేస్తావా?

సరే, అసలు సంగతి. పుస్తకం సగం అయింది. వాన పడి గ్రౌండు బురదైన రోజుల్లో డ్రిల్లు పీరియడ్‌లో పిల్లలకి మారథాన్ వీరుల కథలు చెబుతుంటానని రాశాను కదా. మా హెడ్మాస్టరు సదాశివరావు గారు అవన్నీ పుస్తకం చెయ్యమని పట్టుబట్టారు. నా రాత కోడి గెలికినట్టుంటుందని మా ఇంద్రాణి శుభ్రంగా తిరగరాస్తోంది. ఇంటర్ చదువు కన్నా ఇదే ఎక్కువైందని వాళ్ళమ్మ అన్నపూర్ణ గోల. ఏథెన్స్‌లో మొదటి ఒలింపిక్స్ గెలిచిన నీళ్ళు మోసే అతని కథ, రోమ్‌లో జోళ్ళు లేకుండా గెలిచిన అబెబె బికిలా కథ, జపాన్ జెండా కింద పరిగెత్తి గెలిచి పతకం తీసుకుంటూ తల దించుకున్న కొరియా సోన్ కథ, మొత్తం ఆరు అధ్యాయాలు దీనితో పంపుతున్నాను. తప్పులుంటే ఎర్ర సిరాతో కొట్టు. నీకు ఎర్ర సిరా అంటే ఎంత ఇష్టమో నాకు తెలుసు.

ఒక పని చేసిపెట్టాలి. 1951లో మన ఢిల్లీలోనే మొదటి ఏషియన్ గేమ్స్ జరిగినప్పుడు మారథాన్ గెలిచింది మనవాడే, ఛోటా సింగ్ అని విన్నాను. ఎంత టైములో గెలిచాడో ఇక్కడ చెప్పే నాథుడు లేడు. ఏదైనా లైబ్రరీలో చూసి రాయి.

హెడ్మాస్టరు గారి పీకులాట ఇంకోటి ఉంది. చివరి అధ్యాయం నా గురించి ఉండాలట. నా సర్టిఫికెట్ ఇంట్లో పెట్టె అడుగున ఉంటే ఇంద్రాణి చేత తెప్పించి, ఫ్రేము కట్టించి స్టాఫ్ రూములో తగిలించారు. అద్దం మీది వెలుతురు కళ్ళలో కొడుతోందని నేను కుర్చీ తిప్పుకుని కూర్చుంటున్నాను.

చెల్లెమ్మకి నమస్కారాలు.

నీ,
లక్ష్మీపతి


పాలం కాలనీ, న్యూఢిల్లీ,
20 ఏప్రిల్ 1996

ప్రియమైన 2-18-40కి,

నువ్వు తిట్టేకొద్దీ రాస్తాను. ఈసారి కవరు లోపలే రాశాను, పోస్ట్‌మాన్‌కి భయం లేదు.

అధ్యాయాలు మూడుసార్లు చదివాను. ఆండాళ్ బికిలా కథ చదివి "పాపం, ఆ రాళ్ళ రోడ్డు మీద అరికాళ్ళు ఏమైపోయాయో" అని కళ్ళు తుడుచుకుంది. అరుణ్‌కి నేను చదివి వినిపించాను. "పాపా, ఏ సచ్ హై క్యా?" అంటూ ఇది నిజమేనా అని రెండుసార్లు అడిగాడు. అంటే నచ్చిందనే.

ఛోటా సింగ్ సంగతి నిజమే. పాత పత్రికల్లో వెతికించాను. రెండు గంటల నలభై రెండు నిమిషాలు దాటింది, బంగారు పతకం. మనం పెరేడ్ చేసిన ఊళ్ళోనే ఒక భారతీయుడు అలా పరిగెత్తి గెలిచాడని మనకి అప్పుడు ఎవరూ చెప్పలేదు చూశావా.

ఎర్ర సిరాకి పని తక్కువే తగిలింది. 1908 లండన్ అధ్యాయం నాకు అన్నిటికన్నా నచ్చింది. రాజుగారి కోట దగ్గర మొదలుపెట్టి రాజుగారి గద్దె ముందు ముగించడం కోసం ఆ దూరం 42 కిలోమీటర్ల 195 మీటర్లు అయిందనీ, తరవాత ప్రపంచమంతటికీ అదే కొలత అయిందనీ రాశావు. కొలిచేవాడిగా నాకు ఆ పేజీ ముద్దొచ్చింది. కాని ఒక సందేహం. 1900 తరవాత నువ్వు నేరుగా 1908కి దూకావు. మధ్యలో 1904 ఏమైంది? ఇంద్రాణి కాగితం పోగొట్టిందా?

ఇప్పుడు అసలు కబురు. కంటోన్మెంట్ మారథాన్ మళ్ళీ పెడుతున్నారు! ఈ డిసెంబరు ఎనిమిదిన, అదే దారిలో. పెరేడ్ గ్రౌండు నుంచి నజఫ్‌గఢ్ రోడ్డు మీదుగా వెళ్ళి, మలుపు రాయి చుట్టి వెనక్కి. మన కర్నల్ సాబ్ నన్ను పిలిపించి, "సుబేదార్ సాబ్, రిటైరైతే ఏమైంది, అప్పుడు కొలిచింది ఆపే, ఇప్పుడూ మీరే కొలవాలి" అన్నారు. ఇప్పుడు అంతర్జాతీయ నియమాలు మారాయట. గొలుసులతో, జీపు మీటరుతో కొలిస్తే ఒప్పుకోరు. సైకిల్ ముందు చక్రానికి చిన్న లెక్కింపు యంత్రం బిగించి తొక్కాలి. వానలు తగ్గాక మొదలుపెడతాను. అలా వెళితే మా ఫ్లాటు కూడా చూసి రావచ్చు. ద్వారకలో మా సొసైటీ ఇంకా రెండో అంతస్తు దగ్గరే ఉంది. కట్టేవాళ్ళకన్నా నేను ముందు మారథాన్ నేర్చుకునేలా ఉన్నాను.

ముఖ్య అతిథివి నువ్వు. పెరేడ్ గ్రౌండు బోర్డు మీద నీ పేరు ఇప్పటికీ ఉంది, ఆ రికార్డు ఎవరూ కొట్టలేదు. కప్పు నీ చేత్తో ఇప్పించాలని కర్నల్ సాబ్ కోరిక. వస్తున్నావని మాటిచ్చేశాను. ఠీక్ హై?

నీ,
జనార్దనరావు


టెక్కలి,
9 ఆగస్టు 1996

ప్రియమైన జనార్దనం,

ఇంతకాలం రాయనందుకు కోప్పడకు. అట్లాంటా అయ్యాక ఒకేసారి రాద్దామని ఆగాను.

ఆదివారం సాయంత్రం చూశావా? మేం పదిహేను మందిమి హెడ్మాస్టరు గారింట్లో టీవీ ముందు కూర్చున్నాం. ముప్ఫై అయిదు కిలోమీటర్ల దాకా ఎవడు గెలుస్తాడో తెలియలేదు. ముగ్గురు ఒకళ్ళనొకళ్ళు వదలరు! అప్పుడు సరిగ్గా కరెంటు పోయింది. నేను లేచి ఎలక్ట్రిసిటీ ఆఫీసు వాళ్ళని ఎన్ని అన్నానో, ఆడపిల్లలున్నారని కూడా చూసుకోలేదు. మర్నాడు పేపర్లో చూస్తే దక్షిణాఫ్రికా తుగ్వానే. బొగ్గుగనిలో పనిచేసేవాడట. మార్చిలో దొంగలు కాలిస్తే తూటా గడ్డాన్ని గీసుకుపోయిందట. అలాంటివాడు రెండో వాడికన్నా మూడంటే మూడు సెకన్ల ముందు! నలభై రెండు కిలోమీటర్లు పరిగెత్తి మూడు సెకన్లేమిట్రా? మనం "ఒరే జనార్దనం" అని పిలిచేలోపు అయిపోతుంది.

ఆడవాళ్ళలో ఇథియోపియా ఫాతుమా రోబా గెలిచింది. ఇంద్రాణి రెండు రోజులు నేల మీద నడవలేదు. ఆ అధ్యాయం తనే రాస్తానంటోంది.

ఇంకో అధ్యాయం పంపుతున్నాను, జపాన్ కనకురి కథ. 1912 స్టాక్‌హోమ్‌లో ఎండకి తాళలేక దారిలో ఒక ఇంటి తోటలో ఆగిపోయాడు. సిగ్గుపడి ఎవరికీ చెప్పకుండా ఇంటికి వెళ్ళిపోయాడు. స్వీడన్ వాళ్ళ కాగితాల్లో తప్పిపోయినవాడిగా ఉండిపోయాడు. 1967లో పిలిచి "మీ పరుగు మిగిలిపోయింది, పూర్తి చెయ్యండి" అన్నారు. ముసలాయన పరిగెత్తి గీత దాటాడు. మైకులో సమయం చెప్పారట, యాభై నాలుగేళ్ళ ఎనిమిది నెలల ఆరు రోజులు, ఆ పైన గంటలూ నిమిషాలూ. ఇది చెబుతుంటే ఆరో తరగతి కుర్రాడొకడు "మజ్జిలో పెళ్ళీ పిల్లలూ అయిపోనారా సార్?" అని అడిగాడు. అయిపోయార్రా, మనవలు కూడా అన్నాను.

1904 అడిగావు. కాగితం పోలేదు, నేనే రాయలేదు. ఆ ఏడు లోర్జ్ అనేవాడు సగం దారిలో కారెక్కి, మళ్ళీ దిగి పరిగెత్తి, ముందుగా వచ్చి గెలిచినట్టు నిలబడ్డాడు. తరవాత దొరికిపోయాడు. అలాంటి కథ పిల్లలకెందుకు? ఇక ఆ సంగతి ఎత్తకు.

ఢిల్లీ రావడం గురించి ఆలోచిస్తాను. మోకాలు అంత బాగాలేదు.

నీ,
లక్ష్మీపతి


పాలం కాలనీ, న్యూఢిల్లీ,
6 అక్టోబరు 1996

ప్రియమైన లక్ష్మీపతీ,

ఉత్తరం ఆలస్యమైంది. వానలు తగ్గాయి. ఆదివారాలు తెల్లారగానే సైకిల్ తొక్కుతున్నాను. ఆండాళ్ విసుక్కుంటోంది, అరుణ్ "ఫిర్ సే సైకిల్?" అని నవ్వుతున్నాడు. కొలత ఇంకా పూర్తి కాలేదు.

నీ పుస్తకానికి ఒక సంగతి పనికొస్తుందేమో అడుగుదామని. 1981లో న్యూయార్క్ మారథాన్‌లో సలజార్ అనే అతను ప్రపంచంలోనే అందరికన్నా వేగంగా పరిగెత్తాడని ప్రకటించారు. కొన్నేళ్ళ తరవాత ఆ దారిని మళ్ళీ కొలిస్తే నూట యాభై మీటర్లకి కాస్త అటూ ఇటుగా తక్కువ వచ్చింది. రికార్డు తీసేశారు. ఇది రాస్తావా? రాస్తే ఎలా రాస్తావు? అతని తప్పేం లేదు కదా. అలాంటివాడికి ఆ మాట ఎవరైనా ఎలా చెప్పాలి?

ఊరికే అడిగాను. ఆరోగ్యం జాగ్రత్త.

నీ,
జనార్దనరావు


టెక్కలి,
19 అక్టోబరు 1996

ప్రియమైన జనార్దనం,

నీకు ఒంట్లో బాగాలేదా? కవరు మీద అంకె లేదు, ఉత్తరం లోపల అంకె లేదు. తిట్టడానికి ఏమీ దొరక్క ఉత్తరం రెండుసార్లు తిరగేశాను. అన్నపూర్ణ అయితే "అన్నయ్యగారికి షుగరేమో, కనుక్కోండి" అంటోంది. చూపించుకో.

సలజార్ సంగతి రాస్తాను. ఎలా రాస్తానో చెప్పనా? పరిగెత్తినవాణ్ణి ఒక్క మాట అనను. వాడు గీత గీసినచోట మొదలుపెట్టాడు, గీత గీసినచోట ఆగాడు. కొలిచినవాణ్ణి మాత్రం నిలబెట్టి కడిగేస్తాను. నూట యాభై మీటర్లంటే ఏమనుకున్నాడు, మూర బట్టా? మా సర్వేయరు జనార్దనరావుని చూసి నేర్చుకోమంటాను. నువ్వు గొలుసు పట్టుకుని ఇరవయ్యొక్క కిలోమీటర్లు ఎండలో నడిచావు. ఒక్క గజం తేడా వస్తే మళ్ళీ మొదటి నుంచి వస్తావు. ఈ పేరా పుస్తకంలో పెడుతున్నాను, కాదన్నా వినను.

ఢిల్లీ రావడం ఖాయమైపోయింది. నేను ఊగిసలాడుతుంటే హెడ్మాస్టరు గారు ప్రార్థనలో పిల్లలందరి ముందూ ప్రకటించేశారు. చప్పట్లు! ఇంద్రాణి కూడా వస్తానంటోంది. టికెట్లు తీసేశాను, డిసెంబరు ఆరున దిగుతాం. కప్పు ఇచ్చి, చేతులు కట్టుకుని నిలబడి, వచ్చేస్తాను. నన్ను మైకులో ఎక్కువ పొగడొద్దని కర్నల్ సాబ్‌కి చెప్పు. ఆ అంకె రెండుసార్లు చదవొద్దని కూడా చెప్పు.

నిజం చెప్పనా? ఆ గ్రౌండు మళ్ళీ చూడాలంటే ఏదోలా ఉంది. నువ్వు పక్కన ఉంటావు కాబట్టి వస్తున్నాను.

నీ,
లక్ష్మీపతి


పాలం కాలనీ, న్యూఢిల్లీ,
5 నవంబరు 1996

ప్రియమైన లక్ష్మీపతీ,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. నేను నాలుగుసార్లు రాసి చింపాను.

నీ పుస్తకంలో నా గురించి రాసిన పేరా తీసెయ్యి. కడగాల్సిన మనిషిని నేనే.

కొలత సెప్టెంబరులోనే పూర్తయింది. కాలేదని నీకు అబద్ధం రాశాను. మొదటిసారి దారి తక్కువ వచ్చింది. యంత్రం తప్పనుకున్నాను. స్టీలు టేపుతో నేల మీద గుర్తులు పెట్టి చక్రాన్ని సరిచూసి మళ్ళీ తొక్కాను. మూడోసారి కూడా అంతే. మన దారి 42 కిలోమీటర్ల 195 మీటర్లు కాదు. ఆరు వందల నాలుగు మీటర్లు తక్కువ.

ఇంటికొచ్చి ట్రంకుపెట్టెలోంచి 1979 నాటి నా ఫీల్డ్ బుక్ తీశాను. అప్పుడెలా కొలిచామో నీకు గుర్తుందా? ముప్ఫై మీటర్ల ఇనప గొలుసు. ముందు నేను, వెనక ఒక సిపాయి. గొలుసు చాచినప్పుడల్లా చివర నేనొక ఇనప పుల్ల గుచ్చుతాను. వెనక వచ్చేవాడు అది పీకి దగ్గర పెట్టుకుంటాడు. వాడి దగ్గర పది పుల్లలు పోగైతే మూడు వందల మీటర్లన్నమాట. "దస్ పూరే, సాబ్", పది పూర్తయ్యాయి అని నాకు తిరిగి ఇస్తాడు. నేను పుస్తకంలో ఒక గీత పెట్టి, పక్కన ఏం కనబడితే అది గుర్తుగా రాస్తాను. అలా డెబ్భై గీతలు పెట్టి, పైన తొంభై ఏడున్నర మీటర్లు కొలిచి మలుపు రాయి పాతాం.

నలభై మూడో గీత పక్కన "నీళ్ళ ట్యాంకు" అని ఉంది. నలభై నాలుగో గీత పక్కన కూడా "నీళ్ళ ట్యాంకు" అనే ఉంది. ఆ రోడ్డు మీద ఉన్నది ఒకటే ట్యాంకు. ఆ రెండు గీతల మధ్య కాగితం మీద నెయ్యి మరక ఉంది.

అది చూడగానే నాకు అంతా గుర్తొచ్చింది. ఆ రోజు నువ్వు సైకిల్ మీద రొప్పుకుంటూ వచ్చావు. ఒక చేతిలో టెలిగ్రాం, ఒక చేతిలో క్యాంటీన్ లడ్డూల పొట్లం. ఇంద్రాణి పుట్టింది! నేను అప్పుడే గీత పెట్టి పుల్లలు కింద పెట్టాను. నువ్వు నా నోట్లో ఒక లడ్డూ కుక్కావు, సిపాయికి రెండు పెట్టావు. ముగ్గురం రోడ్డు మధ్య గంతులేశాం. నువ్వు వెళ్ళిపోయాక వాడు కిందున్న పది పుల్లలు ఏరి "దస్ పూరే, సాబ్" అన్నాడు. నేను మళ్ళీ గీత పెట్టాను. నడవని మూడు వందల మీటర్లు నడిచినట్టు రాశాను. వెళ్ళేటప్పుడు మూడు వందలు, వచ్చేటప్పుడు మూడు వందలు. ఆ మిగతా నాలుగు మీటర్లు వంకరపోయిన గొలుసువి.

లక్ష్మీపతీ, ఈ కొలతని బట్టే నీ పేరు బోర్డెక్కింది. దీన్ని బట్టే నిన్ను ఒలింపిక్స్ శిబిరానికి పంపారు. నీ స్టాఫ్ రూములో వేలాడుతున్న కాగితం మీద నా తప్పు ఉంది. నువ్వు జీవితంలో గర్వంగా చెప్పుకోదగ్గ దాన్ని నేనే ఇచ్చి, ఇప్పుడు నేనే లాక్కుంటున్నాను. దానికన్నా నోరుమూసుకుందామనుకున్నాను. కొత్త మలుపు రాయి ముందుకి జరిపేశాను, ఎందుకు జరిపావని ఎవరూ అడగలేదు. కాని నువ్వు రాసిన ఆ పేరా చదివాక నాకు అన్నం సయించలేదు.

ఎవరికీ చెప్పలేదు. ఫీల్డ్ బుక్ నా దగ్గరే ఉంది. నువ్వు కాల్చెయ్యమంటే కాల్చేస్తాను. కర్నల్ సాబ్‌కి ఇవ్వమంటే ఇచ్చి చేతులు కట్టుకుని నిలబడతాను. రావడం మానేస్తే నిన్ను తప్పుపట్టను.

నన్ను క్షమించగలవో లేదో తెలియని,
జనార్దనరావు


పాలం కాలనీ,
22 నవంబరు 1996

ప్రియమైన లక్ష్మీపతీ,

పదిహేను రోజులు దాటింది. రోజూ పోస్ట్‌మాన్ వచ్చే వేళకి గేటు దగ్గర నిలబడుతున్నాను. తిడుతూ అయినా ఒక కార్డు ముక్క రాయి. ఆండాళ్ నాతో మాట్లాడటం మానేసింది. "అంత స్నేహితుడి దగ్గర రెండు నెలలు నిజం దాస్తారా?" అంటోంది.

జనార్దనరావు


టెక్కలి,
28 నవంబరు 1996

ప్రియమైన జనార్దనం,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. మొదటిది చదివాక మూడు రోజులు నీ మీద మండిపడ్డాను. ఎదురుగా ఉంటే కొట్టేవాణ్ణే, చెల్లెమ్మ అడ్డమొచ్చినా ఆగేవాణ్ణి కాదు. కోపం ఎందుకో నువ్వనుకునేది వేరు, నిజం వేరు. పదిహేడేళ్ళుగా నీకు చెప్పని సంగతి ఒకటుంది. ఇప్పుడు చెబుతాను.

శిబిరానికి నన్ను 2-18-40 చూసే పంపారు. అక్కడ మొదటి పరీక్ష పరుగులో నాకు 2-20-52 వచ్చింది. కోచ్ "ప్రయాణం బడలిక" అన్నాడు. నెల తరవాత ప్రాణం పెట్టి పరిగెత్తాను. 2-20-31. ఆ రెండు నిమిషాలు ఎక్కడ పోయాయని అడిగారు. నాకు తెలిస్తే కదా! భోజనం తగ్గించాను, పెంచాను, తెల్లవారుజామున అందరికన్నా గంట ముందు లేచాను. అన్నం తినేవాడివి కాబట్టి బలం లేదన్నారు, అన్నం మానేశాను. ఇంటి మీద బెంగ వల్ల కాళ్ళు బరువెక్కాయేమోనని నాకే అనుమానం. అందుకే పుట్టిన బిడ్డని చూడటానికి పది నెలలు సెలవు పెట్టలేదు. అన్నపూర్ణ ఇప్పటికీ ఆ మాటంటే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది.

ఒక రోజు క్లాసులో కోచ్ మారథాన్ చరిత్ర చెబుతూ 1904 లోర్జ్ కథ చెప్పాడు. కారెక్కినవాడి కథ. గదిలో అందరూ తలలు తిప్పి నన్ను చూశారు. ఆ రోజు నుంచి నా పేరు "జీప్‌వాలా". ఢిల్లీలో జీపెక్కి పద్దెనిమిది తెచ్చాడు, ఇక్కడ జీపు లేదు కాబట్టి ఇరవై వస్తోందని నవ్వేవాళ్ళు. ఆరు నెలలకి వెనక్కి పంపేశారు. మోకాలు పోయిందని నీకు చెప్పాను. ఒరే, నా మోకాలికి ఏనాడూ ఏమీ కాలేదు.

జీపెక్కలేదని నాకు తెలుసు. అయితే అంతకన్నా చెడ్డ మాట ఒకటి నమ్మాను. ఆ ఒక్క రోజు నాలో ఏదో ఉంది, దాన్ని నేనే సోమరితనంతో పాడుచేసుకున్నాను అని. పదిహేడేళ్ళు ఆ అంకె చూసినప్పుడల్లా నాకు గెలుపు కనబడలేదు, నేను నిలబెట్టుకోలేనిది కనబడింది. అందుకే కుర్చీ తిప్పుకుని కూర్చున్నాను. నువ్వేమో ముద్దుగా ప్రతి కవరు మీదా అదే రాశావు.

నాలుగో రోజు ఇంద్రాణి నీ ఉత్తరం తీసుకుని లెక్క చేసింది. నేను పరిగెత్తిన వేగానికి కిలోమీటరుకి మూడు నిమిషాల ఇరవై సెకన్లు. ఆరు వందల నాలుగు మీటర్లకి రెండు నిమిషాలు. అంటే దారి సరిగ్గా ఉంటే ఆ రోజు నా టైము 2-20-40. అప్పుడు నా పాత డైరీ తెచ్చి శిబిరం అంకెలు పక్కన పెట్టింది. 52, 31. చాలాసేపు చూసి, "నాన్నా, అయితే నువ్వు శిబిరంలోనే ఇంకా బాగా పరిగెత్తావు" అంది.

నేను పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను. సిగ్గేం లేదు, రాస్తున్నాను. నా కాళ్ళు నన్ను మోసం చెయ్యలేదురా. నేనూ వాటిని మోసం చెయ్యలేదు. 2-20 మనిషిని, అంతే. ఢిల్లీలోనూ అంతే, శిబిరంలోనూ అంతే. ప్రపంచ విజేతల ముందు అది ఏ మూలకీ రాదు. కాని అది నాది.

నువ్వు లాక్కున్నానని రాశావు. నువ్వు నాకు తిరిగి ఇచ్చావు. ఆ కోపమంతా ఈ మాట పదిహేడేళ్ళ కిందట తెలిసుంటే ఎంత బాగుండేదని. ఆ పది నెలలు బిడ్డ దగ్గర ఉండేవాణ్ణి కదా అని. అందులో నీ వంతు లడ్డూ పొట్లం ఎంతో, నా మొండితనం ఎంతో ఇప్పుడు ఎవరు కొలుస్తారు? వదిలేద్దాం.

1904 అధ్యాయం రాసేశాను. ఆ లోర్జ్ మరుసటి ఏడు బోస్టన్ మారథాన్‌లో పరిగెత్తి, నిజంగా పరిగెత్తి గెలిచాడట. ఆ ముక్క మాకు శిబిరంలో ఎవరూ చెప్పలేదు. చివరి అధ్యాయం కూడా అయింది, హెడ్మాస్టరు గారు అడిగిందే. అందులో నీ ఫీల్డ్ బుక్ ఉంది, నెయ్యి మరక ఉంది, నీ పేరు కూడా ఉంది. నిన్ను కడిగేస్తానన్నాను కదా, కాస్త కడిగాను. మూడుసార్లు సైకిల్ తొక్కి తన తప్పు తనే పట్టుకున్నాడని కూడా రాశాను.

ఇక పనులు విను. ఫీల్డ్ బుక్ కర్నల్ సాబ్‌కి ఇచ్చెయ్యి. బోర్డు మీద నా పేరు కొట్టేయించు. ఎవరి పేరు రాస్తారో ఎనిమిదో తారీకు మధ్యాహ్నానికి తెలుస్తుంది, ఆ కప్పు నేనే సంతోషంగా ఇస్తాను. చెల్లెమ్మతో నేను చెప్పానని చెప్పు, నీతో మాట్లాడమను.

ఆరున దిగుతున్నాం. ఏడో తారీకు ఉదయం నాకు ఒక గంట కావాలి. ఆ పాత గొలుసు ఇంకా ఉంటే తీసుకురా, వంకరలు సరిచేసి తీసుకురా. పెరేడ్ గ్రౌండులో నేను అప్పుడు ఆగిన గీత దగ్గర నుంచి ఆరు వందల నాలుగు మీటర్లు కొలువు. నేను పరిగెత్తుతాను. వారం రోజులుగా తెల్లవారి స్కూలు గ్రౌండులో నాలుగు చుట్లు వేస్తున్నాను, పిల్లలు గోడెక్కి చూస్తున్నారు. కనకురికి యాభై నాలుగేళ్ళు పట్టింది, నాకు పదిహేడే. రోజులూ గంటలూ అరుణ్ చేత లెక్క కట్టించి మైకు లేకుండా అరిపించు, హిందీలో అయినా సరే.

గీతలు మాత్రం ఇంద్రాణి పెడుతుంది. లడ్డూలు తెస్తున్నాను, కాని పరుగు అయ్యేదాకా నీ చేతికి ఇవ్వను.

నీ,
లక్ష్మీపతి, 2-20-40